లాభం అనకుండా మొదలుపెట్టిన లెక్క

తిరిగొచ్చిన దగ్గర్నుంచి మా వీధిలో ప్రతివాడూ ఒకటే అడుగుతున్నాడు: "నూజివీడు వైపు వెళ్ళొచ్చావట, రసాలేవి సాంబయ్యా?" అని. తెచ్చానండీ. సగం పళ్ళు దారిలో మేమే ఆరగించాం. మిగతా సగం బుట్ట అడుగున నలిగి రైలుపెట్టెకి నైవేద్యమయ్యాయి. అందుకని పళ్ళకి బదులు ఈ కాగితాలు. వీటిలో తీపి కాస్త తక్కువే, ముందే చెప్తున్నాను.

నేను హైదరాబాదులో ఒక కంప్యూటరు ఆఫీసులో కార్డులకి చిల్లులు వేస్తాను. కంప్యూటరు చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను: అదొక పెద్ద గది నిండా ఇనప బీరువాలు. బీరువాలకి చల్లటి గాలి, మనుషులకి కిర్రుమనే ఫ్యాను. నేను అట్టముక్కలకి వేసిన చిల్లుల్ని యంత్రం చదువుకుని లెక్క కడుతుంది. ఏ లెక్క ఎలా కట్టాలో వరసగా ఆజ్ఞలు రాసిపెడతారు. అదే ప్రోగ్రాం. అది రాసేంత చదువు నాకు లేదు. ఎనిమిదో తరగతిలో నేను బడి మానేస్తే బడి కూడా పెద్దగా బెంగ పెట్టుకోలేదు.

మా ఆఫీసులో రాసేవాళ్ళు ఇద్దరు. పెద్దాయన శేషగిరిరావు గారు, యాభై దాటినవారు. కంప్యూటర్లు రాకముందు, తీగలు గుచ్చి లెక్కలు చేయించే యంత్రాల రోజుల నుంచీ ఈ విద్యలోనే ఉన్నారు. రెండో ఆయన మూర్తి గారు, ముప్ఫై అయిదేళ్ళ మనిషి. యంత్రం తప్పు చేసినా ఒప్పుకుంటుందేమో గానీ ఆయన ఒప్పుకోరు.

పోయినేడు ఎస్సెస్సెల్సీ ఫలితాలు మా యంత్రం మీదే తీశారు. ప్రోగ్రాం శేషగిరిరావు గారిది. విస్సన్నపేట దగ్గర మామిడితోటల్లో కూలిపని చేసే కోటయ్య కూతురు నాంచారమ్మ ఆ పరీక్ష ప్యాసయింది. ప్రోగ్రాం మాత్రం ఫెయిలంది. ఆ బడి హెడ్మాస్టరు ఉత్తరం మీద ఉత్తరం రాయగా రాయగా, ఎనిమిది నెలలకి తప్పు మాదేనని బయటపడింది. కొత్త మార్కుల పట్టీ తయారైంది. పోస్టులో వేస్తే అయిపోయేది. శేషగిరిరావు గారు వెయ్యనివ్వలేదు. "నేనే తీసుకెళ్ళి ఇస్తాను. ఎందుకిలా జరిగిందో ఆ పిల్లకి నా నోటితో చెప్పాలి" అన్నారు. ఆ పట్టీ ఉన్న పొడుగాటి కవరు పట్టే లోపలి జేబు కోసం మే నెల ఎండలో కోటు తొడుక్కుని బయల్దేరారు.

తప్పు ఎక్కడ పడిందో ఆయనకి తెలుసు. ఒక లైను కలిపి అతుకు వేశారు కూడా. ఆ అతుకు మీద ఆయనకే నమ్మకం లేదు. చాట్రాయిలో తమ్ముడి తోటలో సెలవులు గడుపుతున్న సుగుణమ్మ గారనే లెక్కల లెక్చరరుకి ఇంకో దారి తెలుసని మా ముగ్గురి ప్రయాణం, కార్డుల పెట్టె మొయ్యడానికి నేను. ఆవిడ విదేశంలో రెండేళ్ళు చదివొచ్చారు. అక్కడ కొత్తరకం ప్రోగ్రాములు రాస్తున్నారట, వాటిలో యంత్రానికి ఆజ్ఞలే ఉండవట. ఇదివరకొకసారి ఆవిడ మా ఆఫీసులోనే, భోజనాలకి ముందు, దాని గురించి మాట్లాడితే పావుగంటకే మా ఇద్దరూ లేచి వచ్చేశారు. బోర్డు తుడవాల్సిన వాణ్ణి కాబట్టి నేను చివరిదాకా ఉన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మర్యాదకి తలూపాను. ఆ రోజు ఆవిడకి తలూపింది నేనొక్కణ్ణే.

మైలవరం

బెజవాడలో ఎక్కిన బస్సు మైలవరం చేరేసరికి టీ కెటిలులా పొగలు కక్కింది. డ్రైవరు బానెట్టు ఎత్తి, "అరగంటండీ, టిఫిన్లు కానివ్వండి" అన్నాడు. పూరిపాక హోటల్లో ఇడ్లీ, అల్లం పచ్చడి. మా హైదరాబాదులో ఇడ్లీకి పచ్చడి చూపిస్తారు, ఇక్కడ పచ్చడికి ఇడ్లీ చూపించారు. నాలుగు ఇడ్లీలూ కాఫీ కలిపి పావలా అంటే మూర్తి గారు రెండోసారి అడిగి నిర్ధారణ చేసుకున్నారు.

ఈ వైపు మాటకి చివర 'అండీ' లేకపోతే ఆ మాట పూర్తయినట్టు కాదు. హోటలాయన బల్ల మీది ఈగని కూడా "లేవండీ" అంటాడేమోనని చూశాను. అంత దూరం పోలేదు.

"తమరు ఏం పని మీదండీ?" అన్నాడాయన.

"ప్రోగ్రాం పని మీద" అన్నారు మూర్తి గారు.

"ఎక్కడండీ? మా వైపు ఎవరూ చెప్పలేదే. నాటకమా అండీ, బుర్రకథా?"

"నాటకమే. హీరోలు వాళ్ళిద్దరూ. నేను హార్మోనియం పెట్టె మోసేవాణ్ణి" అని మా కార్డుల పెట్టె చూపించాను. హోటలాయన పెట్టెకి నమస్కారం పెట్టాడు. మూర్తి గారు నవ్వారు. శేషగిరిరావు గారు ఇడ్లీ సగం వదిలేసి, కోటు మీదుగా కవరు తడుముకుని చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళారు.

విస్సన్నపేట, దిగకుండా

మైలవరం దాటాక నేల ఎర్రబడుతుంది. రోడ్డుకి రెండు పక్కలా మామిడి. కాయల బరువుకి కొమ్మలు వంగితే కింద వెదురు గడలు పోటు పెట్టి నిలబెట్టారు. మా వైపు ఇళ్ళకి పెడతారు అలాంటి పోట్లు, కూలిపోయే ముందు. ఇక్కడ చెట్టుకి పెడతారు, నిండినందుకు.

విస్సన్నపేటలో బస్సు చాలాసేపు ఆగింది. గంపలకొద్దీ కాయ, గంపల్లోకి వరిగడ్డి, గంపల మీద కూర్చుని చుట్టలు కాల్చే మనుషులు. నేను పెట్టె దించబోయాను. మా లెక్క ప్రకారం ముందు ఇక్కడ దిగి నాంచారమ్మకి కవరు ఇవ్వాలి.

"వద్దు. ముందు చాట్రాయి" అన్నారు శేషగిరిరావు గారు.

"అదేంటి సార్, ఊరు దాటి వెళ్ళి మళ్ళీ వెనక్కి రావడమా?"

"సాంబయ్యా, ఆ పిల్ల ఎందుకు అని అడిగితే ఏం చెప్పను? గదిలో పాత అంకె మిగిలిపోయింది అనా? ఏం గది, ఎవరి అంకె అంటుంది. నాకు నేనే సరిగ్గా చెప్పుకోలేకపోతున్నాను."

ఆయన ముఖం చూసి, నాలుక చివరి దాకా వచ్చిన జోకు మింగేశాను. పెట్టె మళ్ళీ సీటు కిందికి తోశాను.

చాట్రాయి, మొదటి రోజు

చాట్రాయిలో బస్సు దిగాక తోట దాకా ఎడ్లబండి. సుగుణమ్మ గారు ఎదురొచ్చారు. సన్నటి మనిషి, మందపాటి కళ్ళద్దాలు, కొంగు నడుముకి దోపి ఉంది. "ముందు భోజనం. ఆకలితో ఉన్నవాళ్ళకి నేను పాఠం చెప్పను, ఒకసారి చెప్పి చూశాను" అన్నారు. ఆ చురక ఎవరికి తగలాలో వాళ్ళిద్దరికీ సమానంగా తగిలింది.

మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు, గడ్డపెరుగు. మూర్తి గారు ముద్ద కలిపి నోటి దాకా తీసుకెళ్ళాక తెలిసింది, వాళ్ళింట్లో ముందు ప్రార్థన చేస్తారని. చెయ్యి అలాగే గాలిలో ఆగిపోయింది. ప్రార్థన చిన్నదే గానీ మూర్తి గారి చేతికి పెద్దది. ఆమెన్ అనేసరికి పప్పు మోచేతి దాకా కారింది.

సాయంత్రం వసారాలో నల్లబల్ల పెట్టించారు. శేషగిరిరావు గారు తన తప్పు తానే చెప్పారు. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ: యంత్రం లోపల చిన్న చిన్న గదులు ఉంటాయి. ఒక గదిలో, ఈ విద్యార్థి ఎన్ని సబ్జెక్టులు తప్పాడో ఆ అంకె పెరుగుతూ ఉంటుంది. ఫలితం అచ్చు వేశాక ఆ గదిని సున్నా చేస్తారు, తర్వాతివాడు శుభ్రమైన గదిలోకి వస్తాడు. అయితే కొందరి ఫలితాన్ని ఏదో కారణం మీద ఆపి ఉంచుతారు. వాళ్ళకి అచ్చు ఉండదు. అచ్చు లేదు కాబట్టి సున్నా చెయ్యడం కూడా ఉండదు. ఆపి ఉంచినవాడు తప్పిన సబ్జెక్టులు గదిలోనే మిగిలిపోతాయి. తర్వాతి నెంబరు వాళ్ళ నెత్తిన పడతాయి. నాంచారమ్మ ముందు నెంబరువాడు రెండు పరీక్షలకి రాలేదు, వాడి ఫలితం ఆపారు. ఆ రెండూ ఈ పిల్ల తప్పినట్టు లెక్కకి వచ్చాయి.

సుగుణమ్మ గారు అంతా విన్నారు. తప్పు గురించి ఒక్క మాట అనలేదు. "ఈ అమ్మాయి ఫలితం ఎవరి కార్డుల మీద ఆధారపడాలండీ?" అన్నారు.

"ఆ అమ్మాయి కార్డుల మీదే."

"మీ ప్రోగ్రాంలో ఎవరి మీద ఆధారపడింది?"

శేషగిరిరావు గారు మెల్లగా అన్నారు, "తనకి ముందున్న ప్రతివాళ్ళ మీదా."

"అతుకు వేశాక?"

"అప్పుడూ అంతే. అతుకు పని చేసినంత కాలం కనపడదు."

ఆవిడ నల్లబల్ల మీద రాయడం మొదలుపెట్టారు. గదులు లేవు, ఆజ్ఞలు లేవు. ఇది పుచ్చుకుంటే అది ఇస్తుంది అనే ముక్కలే, ఒకదాంట్లో ఒకటి. అవే కార్డులు ఎప్పుడిచ్చినా, ఎవరి తర్వాత ఇచ్చినా అదే జవాబు రావాలి, అదొక్కటే ఆవిడ పట్టుదల.

మూర్తి గారు ఆగలేకపోయారు. "గదిలో అంకె మార్చకుండా మొత్తం ఎలా కడతారండీ? మార్చడమే యంత్రం పని కదా!"

"రాశి లెక్క కావాలనుకోండి. ఒక కాయ తియ్యండి. మిగిలిన రాశి లెక్క తెలుసుకుని, దానికి ఒకటి కలపండి."

"రాశి లెక్కెంత అని నేనడిగితే మళ్ళీ రాశి లెక్క తెలుసుకోమంటారేంటండీ?"

"చిన్న రాశి మూర్తి గారూ."

"దాన్నెలా లెక్కపెట్టాలి?"

"ఇంకా చిన్నది చేసి."

"ఎంతదాకా?"

"రాశే లేనంత దాకా. అప్పుడు సున్నా. అది మీకూ తెలుసు."

మూర్తి గారు నల్లబల్ల వంక అప్పు ఎగ్గొట్టినవాణ్ణి చూసినట్టు చూశారు. ఆయనకి అర్థం కాలేదని కాదు. పన్నెండేళ్ళు గదుల్లో అంకెలు మార్చి మార్చి బతికిన చెయ్యి అది, ఒప్పుకోవడం లేదు. ఆ రాత్రి చాలాసేపు ఇద్దరూ మంచాల మీద దొర్లడం వినపడింది.

చాట్రాయి, కాయ కోత

రెండో రోజు పొద్దున్నే సుగుణమ్మ గారు నల్లబల్ల తియ్యలేదు. "కోత ఉంది, తోటలోకి రండి" అన్నారు.

చిక్కం కట్టిన పొడుగాటి గడతో కాయ దించుతారు. తుంచిన ముచ్చిక దగ్గర సొన చిమ్ముతుంది. అది తగిలితే చర్మం కాలుతుందని మాకు చెప్పారు. చెప్పిన రెండు నిమిషాలకి మూర్తి గారు ఒక కాయ పుచ్చుకుని వాసన చూశారు. పై పెదవి బూరెలా పొంగింది. ఆ పూటంతా ఆయన వాదనలు 'ప' అక్షరం దగ్గర కుంటుతూ సాగాయి.

చెట్టు కింద రాశి పోశాక లెక్కపెట్టేవాళ్ళు ఇద్దరు కూర్చున్నారు, ఒక ముసలాయన, ఎదురుగా ఒకావిడ. చేతికి రెండు చొప్పున నాలుగు కాయలు, అంటే ఒక పుంజీ, ఒక్కసారి ఎత్తి పక్కకి వేస్తారు. వేసినప్పుడల్లా గొంతెత్తి అంకె చెప్తారు. మొదటి పుంజీకి ఒకటి అనరు, లాభం అంటారు. ధాన్యం కొలిచేటప్పుడు మా వైపూ అంతే. లాభం, రెండు, మూడు... పాటలా సాగుతుంది.

ముందు ముసలాయన అందుకున్నాడు, పదిహేడు దగ్గర దగ్గు తెర వచ్చింది. చేత్తో సైగ చేశాడు. ఎదుటావిడ రాశి తన వైపు లాక్కుని "పద్దెనిమిది" అంది. లెక్క ఆగలేదు.

సుగుణమ్మ గారు అడిగారు. "మూర్తి గారూ, పదిహేడు ఇందాక ఎక్కడుంది?"

"ఆయన దగ్గర."

"దాన్ని ఎవరు చెరిపారు?"

మూర్తి గారు వాచిన పెదవి తడుముకుంటూ ఆలోచించారు. "ఎవరూ చెరపలేదు. ఆయన చెప్పాడు, ఆవిడ అందుకుంది."

"అంతేనండీ. నేను బల్ల మీద రాసింది అదే. పాత అంకె పుచ్చుకుంటారు, కొత్త అంకె ఇస్తారు. ఎక్కడా గది లేదు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళడమే."

ఆ రాశి అయిపోయింది. ముసలాయన దగ్గు తగ్గి కొత్త రాశి ముందు కూర్చున్నాడు. మొదటి నాలుగు కాయలు ఎత్తి "లాభం" అన్నాడు.

శేషగిరిరావు గారు అంతసేపూ చెట్టుకి ఆనుకుని ఉన్నవారు ఒక్కసారి ముందుకి వచ్చారు. "తాతా, మళ్ళీ లాభం అన్నావేంటి?"

"కొత్త రాశి కదా బాబుగారూ. కొత్త రాశికి లాభం అనే మొదలెట్టాలండీ."

"పాత రాశి మధ్యలో వదిలేశావనుకో. దాని లెక్క పూర్తి కాలేదు. అప్పుడు?"

"వదిలేస్తే వదిలేశామండీ. దాని గొడవ దీనికెందుకండీ?"

ముసలాయన మళ్ళీ పాట అందుకున్నాడు. శేషగిరిరావు గారు ఎర్రమట్టిలో అలాగే గొంతుక్కూర్చున్నారు, కోటుతో సహా. "మూర్తీ, మనం లాభం అనే మాట పాత రాశి చివర పెట్టాం" అన్నారు. "పాత రాశి పూర్తయితేనే కొత్త దానికి లాభం దక్కేది. పూర్తి కాకపోతే ఆ పిల్ల లెక్క లాభం అనకుండానే మొదలైంది."

"అతుకులో మనం కూడా మొదట్లోనే సున్నా పెట్టాం కదా సార్?" అన్నారు మూర్తి గారు.

"పెట్టారు" అన్నారు సుగుణమ్మ గారు. "ఒక గదికి పెట్టారు. మీకు గదులెన్ని?"

మూర్తి గారు వేళ్ళు మడిచి లెక్కపెట్టసాగారు.

"నా పద్ధతిలో మొదటి అంకె చేతికి ఇవ్వకపోతే లెక్క మొదలే అవదు. మర్చిపోవడానికి చోటుండదు."

మధ్యాహ్నం ఇంకొకటి చెప్పారు. అది మూర్తి గారికి మరీ కష్టమైంది. ఒక పనిని తీసుకెళ్ళి ఇంకో పనికి ఇవ్వొచ్చు అన్నారు. అంకె ఇచ్చినట్టే పనినీ ఇవ్వొచ్చట.

"పని ఏమైనా వస్తువా అండీ, చేతికివ్వడానికి?"

ఆవిడ తోట మేస్త్రీని చూపించారు. అతను వరస వెంట వరస ప్రతి చెట్టు దగ్గరకీ వెళ్తున్నాడు. "నిన్న మందు కొట్టించాడు. ఇవాళ కాయ దింపిస్తున్నాడు. రేపు పాదులు తవ్విస్తాడు. ఒక్క చెట్టూ వదలకుండా తిరగడం అతని విద్య. ఏం చేస్తూ తిరగాలో పొద్దున్నే మా తమ్ముడు చెప్తాడు. మీరేం చేస్తారంటే, మందు కొట్టే మేస్త్రీ, కాయ దింపే మేస్త్రీ, పాదులు తవ్వే మేస్త్రీ అని మూడుసార్లు తిరగడం రాస్తారు. మూడుసార్లు రాస్తే మూడుచోట్ల తప్పు పడొచ్చు."

"మీ మేస్త్రీతో యంత్రం నెమ్మదిగా నడుస్తుంది. చోటు కూడా ఎక్కువ తింటుంది" అన్నారు మూర్తి గారు. ఇది ఉడుకుమోత్తనం కాదు, లెక్కేసి అన్న మాట.

"నిజమే. ఇప్పటి యంత్రాల మీద నెమ్మదే. నేను కాదనను."

"మరి?"

"మీది వేగంగానే నడిచింది కదండీ. వేగంగా తప్పింది."

నేను మామూలుగా అయితే ఇలాంటి దెబ్బకి చప్పట్లు కొట్టేవాణ్ణి. కొట్టలేదు. ఆవిడ ఆ మాట గెలవడానికి అన్నట్టు లేదు. శేషగిరిరావు గారు పెన్సిలు తీసుకుని నాంచారమ్మ ఫలితం ఒక్కదాన్ని ఆవిడ పద్ధతిలో రాయడం మొదలుపెట్టారు. నాలుగు కాగితాలు చింపారు. అయిదోది ఆవిడకి చూపించారు. ఆవిడ ఒకచోట దిద్ది, ఇచ్చేశారు. మూర్తి గారు ఆ కాగితం అడిగి తీసుకుని, చీకటిపడే దాకా దానిలో తప్పు వెతికి, తనే శుభ్రంగా తిరగరాశారు.

విస్సన్నపేట, దిగి

మూడో రోజు పొద్దున విస్సన్నపేటలో దిగాం. నాంచారమ్మ ఊరి బయట తోటలో, పందిరి కింద గంపలు సర్దుతోంది. గంప అడుగున వరిగడ్డి, ఒక వరస కాయ, మళ్ళీ గడ్డి. పదిహేడేళ్ళ పిల్ల. మేం ఎవరమో చెప్పినా చేతులు ఆపలేదు.

తండ్రి కోటయ్య తువ్వాలుతో అరుగు దులిపాడు. "ఫెయిలయింది అన్నాక సెప్టెంబర్లో మళ్ళీ రాయమన్నానండీ. నేను తప్పలేదు, ఎందుకు రాయాలి అంది. ఏడాది నుంచీ ఇంట్లో ఇదే గొడవండీ. పొగరనుకున్నాను. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నానండీ."

శేషగిరిరావు గారు కవరు తీసి రెండు చేతులతో ఇచ్చారు. ఆ పిల్ల గడ్డి దులుపుకుని, పట్టీ మొత్తం చదివింది. ముఖంలో సంతోషమేం కనపడలేదు. తెలిసిన సంగతే కదా. "టీచరు ట్రైనింగుకి పోయినేడే వెళ్ళేదాన్నండీ" అంది.

"తెలుసమ్మా. తప్పు నాది. ఎలా జరిగిందో చెప్తాను, వింటావా?"

ఆయన చెప్పారు. గది అనలేదు, యంత్రం అనలేదు. కాయల రాశి చూపించి చెప్పారు. ముందు రాశి మధ్యలో ఆగిపోయింది, దాని అంకె పట్టుకుని నీ రాశి లెక్కపెట్టేశాను, లాభం అనలేదు అన్నారు. నేను అంతవరకు ఆయన దగ్గర అంత తేలిక మాట వినలేదు. కోటయ్యకి కూడా అర్థమైంది. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

నాంచారమ్మ పట్టీ మడిచి కవర్లో పెట్టింది. "నా ముందు నెంబరు వాళ్ళ ఫలితం ఆపినందుకు నా మీద పడింది. అంతేనా అండీ?"

"అంతేనమ్మా."

"ఫలితం ఆపింది వాళ్ళొక్కళ్ళకేనా అండీ?"

శేషగిరిరావు గారు మూర్తి గారి వైపు చూశారు. మూర్తి గారు నేల చూశారు.

"కాదమ్మా. చాలామంది ఉంటారు."

"మరి వాళ్ళ వాళ్ళ తర్వాత నెంబర్ల వాళ్ళో?"

గంపల మీద ఈగల రొద వినపడింది.

"మా హెడ్మాస్టరు గారు నమ్మారు కాబట్టి ఉత్తరాలు రాశారండీ. వాళ్ళకెవరు రాస్తారు?" అంది ఆ పిల్ల. కోపంగా అనలేదు. వంగి మళ్ళీ గంపలో గడ్డి పరిచింది.

రెండు రోజులు, నల్లబల్లతో, పెన్సిళ్ళతో, ఇంతమంది పెద్దవాళ్ళం ఆ ఒక్క తప్పు చుట్టూనే తిరిగాం. ప్రోగ్రాం ఇకముందు తప్పకూడదని తిరిగాం. ఇప్పటికే ఎవరెవరి మీద పడిపోయిందో ఒక్కరం అడగలేదు. సుగుణమ్మ గారూ అడగలేదు. నేనా, పెట్టె మీద కూర్చుని పళ్ళు తింటున్నాను.

"అతుకు ముందుకే పని చేస్తుంది సార్" అన్నారు మూర్తి గారు, గొంతు తగ్గించి. "వెనక్కి చెయ్యదు. పాత కార్డులన్నీ మళ్ళీ నడపాలి."

శేషగిరిరావు గారు నా వైపు తిరిగారు. "సాంబయ్యా, పోయినేటి కార్డులు ఎక్కడున్నాయి?"

నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం సిద్ధంగా ఉంటుంది. ఆ క్షణాన ఏదీ లేదు. ఏడాది దాటిన కార్డుల్ని చిత్తుకాగితాల వాడికి తూకానికి ఇచ్చేస్తాం. బయల్దేరే ముందు వాటిని గోనెసంచుల్లో నింపి మూతులు కుట్టింది నేనే. సోమవారం పొద్దున బండి వస్తుంది. ఆ రోజు శనివారం.

చెప్పాను.

శేషగిరిరావు గారు లేచి కోటు విప్పి చేతి మీద వేసుకున్నారు. "టెలిగ్రాం ఎక్కడ ఇవ్వొచ్చమ్మా?"

"నూజివీడులో అండీ. ఇంకో పావుగంటలో బస్సుంది. నడిస్తే అందదు, పరిగెత్తండి" అంది నాంచారమ్మ.

నూజివీడు

పరిగెత్తాం. నూజివీడులో చూడాల్సినవి చాలా ఉన్నాయంటారు. జమీందారుల కోట ఉందట. మామిడిపళ్ళ మార్కెట్టులో అడుగు పెడితే వాసనకే కడుపు నిండుతుందట. నేను చూసింది తపాలాఫీసు కిటికీ.

సంచులు దక్కాయో లేదోనని మీరు ఎదురుచూడక్కర్లేదు, ఇప్పుడే చెప్పేస్తాను. దక్కాయి. మేం తిరిగొచ్చేసరికి గేటు దగ్గర వరసగా ఉన్నాయి, నేను కుట్టిన కుట్లతోనే. బండివాడు ఖాళీగా వెళ్ళినందుకు నన్ను తిట్టిపోయాడట. ఇప్పుడు రోజూ ఆ కుట్లు విప్పుతున్నాను. మూర్తి గారు సుగుణమ్మ గారి పద్ధతిలో రాసిన ప్రోగ్రాం యంత్రం మీద నెమ్మదిగానే నడుస్తోంది. తగలాల్సిన నెంబర్లు తగులుతున్నాయి. ఒక్కొక్క ఇంటికీ ఉత్తరం శేషగిరిరావు గారు చేత్తోనే రాస్తున్నారు.

కానీ ఆ శనివారం ఇవేవీ మాకు తెలియవు. కిటికీ దగ్గర శేషగిరిరావు గారు ఫారం మీద ఇంగ్లీషులో రాశారు. గుమాస్తా పెన్సిలుతో ఒక్కో మాటనీ పొడుస్తూ లెక్కపెట్టాడు. నాకు అంత ఇంగ్లీషు రాదు కాబట్టి అందులో ఏముందో మూర్తి గారు చెవిలో చెప్పారు: పాత కార్డులు అమ్మవద్దు, చాలా ఫలితాలు తప్పు, తప్పు నాది. కింద సంతకం.

గుమాస్తా మర్యాదస్తుడు. "చివర్న ఉన్న ఈ మాటలు తీసేస్తే ఖర్చు తగ్గుతుందండీ" అన్నాడు. "అవి లేకపోయినా అవతలివాళ్ళకి విషయం తెలుస్తుంది కదండీ."

"తెలుస్తుంది" అన్నారు శేషగిరిరావు గారు. "ఉండనివ్వండి."

గుమాస్తా ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, ఇంకేం అడక్కుండా ఫారం మీద ముద్ర కొట్టాడు.